ఉప్పు గీత ఎందుకు లేవదు? బందరు మడుల నుంచి ఉప్పు ఎరుకల దాకా



పోస్టు పెద్దదే, ముందే చెప్తున్నా. రాసేది చరిత్రే గానీ మధ్యలో కెమిస్ట్రీ వస్తుంది. ఆర్ట్స్ గ్రూపు వాళ్లు అక్కడ ఆపేయకండి. పదో తరగతి చదివిన ఎవరికైనా అర్థమయ్యేలాగే రాశాను.

ఎరుకల వాళ్లలో శాఖలకి పని మీద వచ్చిన పేర్లు ఉంటాయని మనలో చాలామందికి తెలుసు. దబ్బ ఎరుకల అంటే వెదురు దబ్బలు చీల్చి బుట్టలు, తట్టలు అల్లేవాళ్లు. కరివేపాకు ఎరుకల, కుంచె ఎరుకల, కావడి ఎరుకల, పరికముగ్గుల ఎరుకల... ఇట్లా. మా ఇంటివాళ్లు ఉప్పు ఎరుకల. మా నాయనమ్మ ఇప్పటికీ "మనం ఉప్పోళ్లం రా" అంటుంది. అయితే ఆమె పుట్టేటప్పటికే మా ఇంట్లో ఉప్పు వ్యాపారం లేదు. గాడిద లేదు, పెరికె ఎద్దు లేదు. పేరొక్కటే మిగిలింది. ఆ పని ఏమైంది, ఉప్పు మోసినవాళ్లకి "నేరస్థ తెగ" అనే ముద్ర ఎట్లా పడింది అనేదే ఈ పోస్టు. ఇందులో సగం జవాబు లైబ్రరీ పుస్తకాల్లో ఉంది. మిగతా సగం నా ప్రాక్టికల్ రికార్డులో ఉంది. బి.ఎస్సీ.లో చేయించే ఒక మామూలు ప్రయోగం అది: లవణం నీళ్లలో ఎంత కరుగుతుంది, వేడి పెరిగితే ఆ లెక్క ఎంత మారుతుంది.

ముందు ఆ ప్రయోగం సంగతి. పరీక్ష నాళికలో నీళ్లు తీసుకుని ఉప్పు వేస్తూ, కలుపుతూ పోతాం. ఒక దశ తర్వాత ఇక కరగదు, అడుగున పలుకులు నిలిచిపోతాయి. దాన్నే సంతృప్త ద్రావణం అంటారు. అడుగున కరగని ఉప్పు కనబడుతూ ఉండాలి, అదే దానికి గుర్తు. ఆ నాళికని నీళ్ల తొట్టిలో పెట్టి వేడి కదలకుండా చూస్తూ చాలాసేపు కలపాలి. తొందరపడితే లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఉప్పు నింపాదిగా కరుగుతుంది. తర్వాత కాసేపు తేరనిచ్చి, పలుకు ఒక్కటి కూడా రాకుండా పైన తేటని మాత్రం పిపెట్‌తో తీసి, ముందే తూచిపెట్టిన పింగాణీ గిన్నెలో పోసి మళ్లీ తూచాలి. వేడి ద్రావణమైతే పిపెట్‌ని కూడా వేడి చేసుకోవాలి. లేకపోతే గొట్టంలోనే పలుకు కట్టేస్తుంది. ఆ పైన గిన్నెని సన్నటి వేడి మీద ఆరబెట్టాలి. మంట ఎక్కువైతే ఉప్పు చిటపటమని బయటికి ఎగిరిపోతుంది. ఆరినాక తూచి, మళ్లీ వేడి చేసి తూచి, రెండుసార్లూ ఒకే బరువు వస్తేనే రికార్డులో రాయాలి.

గది వేడి 30 డిగ్రీల దగ్గర 20 గ్రాముల ద్రావణం తీసుకుంటే ఆరాక 5.3 గ్రాముల ఉప్పు మిగిలింది. అంటే పోయిన నీళ్లు 14.7 గ్రాములు. 5.3ని 14.7తో భాగించి వందతో హెచ్చవేస్తే 36 వస్తుంది. వంద గ్రాముల నీళ్లు 36 గ్రాముల ఉప్పుని పట్టుకుంటాయన్నమాట. అదే 60 డిగ్రీల దగ్గర చేస్తే సుమారు 37. పుస్తకంలో పట్టిక చూస్తే 0 డిగ్రీల దగ్గర 35.7, మరిగే నీళ్లలో 39 చిల్లర. మంచుగడ్డలాంటి నీళ్ల నుంచి సలసల మరిగే నీళ్ల దాకా వెళ్లినా తేడా మూడున్నర గ్రాములే. గ్రాఫ్ కాగితం మీద ఉప్పు గీత దాదాపు నేలబారుగా పడుకుని ఉంటుంది.

ఇదే ప్రయోగం సూరేకారంతో చేస్తే వేరే లోకం. సూరేకారం అంటే పొటాషియం నైట్రేట్, పెట్లుప్పు అని కూడా పాత పేరు. 0 డిగ్రీల దగ్గర 13 గ్రాములు కరుగుతుంది, 20 దగ్గర 32, 60 దగ్గర 110 దాకా, 100 దగ్గర 245 దాకా. గీత కొండెక్కినట్టు ఎక్కుతుంది. ఎందుకీ తేడా? సూరేకారం కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని బాగా లాక్కుంటుంది. నాళిక పట్టుకుంటే చెయ్యి చల్లగా అయిపోతుంది. వేడిని లాక్కుని కరిగేదానికి వేడి అందిస్తే ఇంకా కరుగుతుంది, సూత్రం అంతే. మామూలు ఉప్పు కరిగేటప్పుడు లాక్కునే వేడి అందులో తొమ్మిదో వంతు మాత్రమే, అందుకే దానికి వేడితో పెద్దగా పని లేదు. (అక్బరు కాలంలో తాగే నీళ్లు చల్లబరచడానికి సూరేకారం వాడేవారని అబుల్ ఫజల్ అయిన్-ఇ-అక్బరీలో రాశాడు. కూజాని సూరేకారం కలిపిన నీళ్లలో తిప్పేవాళ్లు. ఫ్రిజ్ లేని కాలంలో బాగానే కనిపెట్టారు.)

ఈ గీతల్ని కాగితం మీద మొదట పద్ధతిగా గీసింది గే-లూసాక్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, 1819లో. గీత కాగితం మీదకి రాకముందే మన తీరంలో జనం దానితో బతికారు.

ఎలాగంటే, గీత పడుకుని ఉంది కాబట్టి ఉప్పునీళ్లని చల్లార్చి ఉప్పు తీయలేం. మరిగించి చల్లారిస్తే పంచదార పలుకు కడుతుంది, పటిక పలుకు కడుతుంది, ఉప్పు మాత్రం కట్టదు. దానికి ఒకటే దారి: నీళ్లని పంపించేయాలి. సముద్రపు నీళ్లు లీటరుకి 35 గ్రాముల లవణాలు ఉంటాయి, అందులో తినే ఉప్పు 27 గ్రాములు. అంటే కిలో ఉప్పు కావాలంటే కనీసం 37 లీటర్ల సముద్రపు నీళ్లు ఆవిరి కావాలి. కట్టెల మీద కాచాలంటే అడవులు చాలవు. ఎండ, గాలి, చదునైన బంకమన్ను నేల, పక్కనే ఉప్పు కయ్య, ఇవన్నీ ఒకేచోట ఉండాలి. కృష్ణా డెల్టా అంచు, అంటే బందరు తీరం నుంచి నిజాంపట్నం మీదుగా కింద చినగంజాం దాకా, సరిగ్గా అలాంటి నేల.

బెజవాడ మేలో 45 డిగ్రీలు దాటుతుంది, జనవరి రాత్రి 20 కిందికి దిగుతుంది. ఈ రెండింటికీ మధ్య ఉప్పు కరిగే లెక్కలో తేడా అర గ్రాము పైమాట, అంతే. కాబట్టి "ఎండకి ఉప్పు పండింది" అంటే ఎండ ఉప్పుని నీళ్లలోంచి తోసిందని కాదు, నీళ్లని తోలేసిందని. వడగాలి కూడా అంతే పని చేస్తుంది. అందుకే ఉప్పు సాగు సంక్రాంతి దాటాక మొదలై తొలకరి దాకా నడుస్తుంది. ఏరు పోటెత్తిన నెలల్లో మంచినీళ్లు వచ్చి కలిసి తీరం దగ్గర సముద్రం కూడా పలచబడుతుంది. ఇంకో సంగతి, చల్లటి వాన కూడా ఉప్పు కుప్పని వేడినీళ్లంత బాగా కరిగించేస్తుంది. గీత పడుకుని ఉందంటే అది కూడా. అందుకే కుప్పల మీద తాటాకులు కప్పుతారు.

మడుల్లో పని వరసలో జరుగుతుంది. పెద్ద మడిలోకి సముద్రపు నీళ్లు పెడతారు. అవి చిక్కబడేకొద్దీ పక్క మడిలోకి, ఆ పక్క మడిలోకి వదులుతారు. నీళ్లు అయిదో వంతుకి తగ్గేసరికి మొదట జిప్సం అడుగుకి దిగుతుంది. పదో వంతుకి వచ్చేసరికి ఉప్పు పలుకు కడుతుంది. అప్పుడు పారలతో, చెక్కలతో గీకి గట్టు మీదకి లాగుతారు. నీళ్లని పూర్తిగా ఇంకిపోనిస్తే తప్పు: ఆఖరున మిగిలిన నీళ్లలో మెగ్నీషియం లవణాలు ఉంటాయి, అవి చేదు. వాటిని వదిలేయాలి. ఎప్పుడు వదలాలో చూడటానికి బోమే డిగ్రీల సాధనం ఉంది. 1768లో బోమే అనే ఫ్రెంచాయన చేసింది. మంచినీళ్లలో ముంచితే 0, నూటికి 15 వంతుల ఉప్పు ఉన్న నీళ్లలో ముంచితే 15 అని గీతలు పెట్టాడు. ఆ కొలతే మామూలు ఉప్పుతో పుట్టిందన్నమాట. సముద్రపు నీళ్లు 3 పైచిలుకు చూపిస్తాయి, 25 దగ్గర ఉప్పు మొదలవుతుంది, 29, 30 దగ్గరికి వస్తే చేదునీళ్లు వదిలేయాలి. ఈ సాధనం రాకముందు కూడా మడి పని వాళ్లు నీటి రంగు, పైన తేలే తెట్టు, నాలిక మీద రుచి చూసి ఇదే పని చేశారు. వాళ్ల చేతుల్లో గ్రాఫ్ ఉంది, పేరు లేదు, అంతే.

ఇక మనోళ్ల దగ్గరికి వద్దాం.

ఉప్పు తీరంలోనే పుడుతుంది, నెలలు లెక్కపెట్టుకుని పుడుతుంది. కానీ నాలుక లేని ఊరు లేదు. నల్లమలకి కావాలి, తెలంగాణా పీఠభూమికి కావాలి, మన్యానికి కావాలి. మనుషులకే కాదు, గొడ్లకి కావాలి, తోళ్లు ఊనడానికి కావాలి, చేపలు ఎండబెట్టడానికి కావాలి. మధ్యలో ఎవరో మోయాలి. రోడ్డు సరిగ్గా లేని కాలంలో బండి పోదు. గాడిద పోతుంది, పెరికె వేసిన ఎద్దు పోతుంది, తలమీద గంపతో ఆడమనిషి పోతుంది.

లంబాడీ సోదరులకి ఈ కథ చెప్పక్కర్లేదు. 17వ శతాబ్దంలో మచిలీపట్నం కూడా చూసి వెళ్లిన టావెర్నియర్ అనే ఫ్రెంచి వర్తకుడు, పది పన్నెండు వేల ఎద్దులతో దారంతా నిండిపోయి నడిచే బిడారుల గురించి రాశాడు. వాళ్లలో నాలుగు తెగలున్నాయని, ఒకరు గోధుమ, జొన్నలాంటి ధాన్యం, ఒకరు బియ్యం, ఒకరు పప్పులు, ఒకరు ఉప్పు మాత్రమే మోస్తారని చెప్పాడు. లంబాడీ అనే మాటే లవణం నుంచి వచ్చిందని కొందరు అంటారు. పెద్ద దూరాలు, పెద్ద సైన్యాలు వాళ్లవి. ఎరుకల వాళ్లది చిన్న దూరం. తీరంలో కొటారు దగ్గర ఉప్పు ఎత్తుకుని, బండి వెళ్లని ఊళ్లకి తీసుకెళ్లి, ధాన్యానికి మారకం వేసి, ఆ ధాన్యంతో తిరిగి రావడం. దారిలో వెదురు కోసుకుని బుట్టలు, ఇంటి ఆడవాళ్లు సోది చెప్పడం. ఊరు దాటి ఊరు తిరగడమే వాళ్ల జీవనం. తిరగకపోతే ఉప్పు కదలదు.

ఈ గీత పడుకుని ఉండటంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఒక వస్తువు అందరికీ కావాలి, కానీ కొన్నిచోట్లే, కొన్ని నెలల్లోనే తయారవుతుంది. అలాంటిదానికి కాపలా పెట్టడం సులువు. పన్ను వేయడం ఇంకా సులువు. ఈస్టిండియా కంపెనీ ఇది గమనించింది. 1805లో మద్రాసు రాష్ట్రంలో ఉప్పు మీద గుత్తాధికారం తీసుకుంది. ఎవరు పండించినా కంపెనీకే అమ్మాలి, కంపెనీ చెప్పిన ధరకే జనం కొనాలి. మొదట గరిసెకి 70 రూపాయలు, 1809 నాటికి 105. (గరిసె మన తెలుగు మాటే. ఇంగ్లీషు రికార్డుల్లోకి కూడా ఎక్కింది. ఉప్పు లెక్కలో గరిసె అంటే 120 మణుగులు, ఇప్పటి నాలుగున్నర టన్నులకి కాస్త తక్కువ.) తర్వాత పద్ధతులు మారాయి గానీ పట్టు వదల్లేదు. 1889లో మద్రాసు ఉప్పు చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా ఉప్పు చేయడం నేరం.

ఎంతదాకా వెళ్లారంటే, ఎండాకాలం కయ్యల్లో తనంతట తాను తెల్లగా పూసే ఉప్పు ఉంటుంది చూడండి, ఎవరూ చేయని ఉప్పు, దాన్ని కూడా ఎవరూ ఏరుకోకుండా ఉప్పు శాఖ బంట్రోతులు కాపలా కాసేవారు, మట్టిలో కలిపి పాడు చేసేవారు. లోపలి జిల్లాల్లో ఉప్పర వాళ్లు చవుటి మట్టిని నీళ్లతో వడగట్టి తీసే ఉప్పుని 19వ శతాబ్దం చివరికల్లా అణిచేశారు. దేవుడు పూయించిన ఉప్పు, నేలలో ఊరిన ఉప్పు, రెండూ దొంగ సరుకైపోయాయి.

ఇక్కడ సూరేకారం మళ్లీ వస్తుంది. నాకు ఈ చరిత్రలో బాగా నచ్చిన ముక్క ఇదే.

సూరేకారం తుపాకీమందుకి అసలు సరుకు. డచ్చి వాళ్లు, 1611లో బందరులో దిగిన ఇంగ్లీషు వాళ్లు మొదట్లో ఈ తీరం నుంచి కూడా దాన్ని కొని ఓడల్లో పంపేవారు, తర్వాత బీహారు దాన్ని మించిపోయింది. ఇది సముద్రంలో పుట్టదు. పశువుల పాకల దగ్గర, పాత గోడల అడుగున, ఊరి దిబ్బల దగ్గర మట్టిలో పూస్తుంది. ఆ మట్టి గీకి, అడుగున గడ్డి పరిచిన తొట్టిలో వేసి, పైనుంచి నీళ్లు పోసి వడగట్టి, ఆ నీళ్లని కాస్తారు. ఆ నీళ్లలో సూరేకారంతో పాటు తినే ఉప్పు కూడా ఉంటుంది. రెండింటినీ విడదీసేది ఏంటి? ఆ రెండు గీతలే. కాగేకొద్దీ నీళ్లు తగ్గుతాయి, ఉప్పు వేడిలో కూడా ఎక్కువ కరగలేదు కాబట్టి ముందు అదే బాణలి అడుగుకి దిగుతుంది. దాన్ని తోడి పక్కన పెడతారు. సూరేకారం వేడి నీళ్లలోనే ఉండిపోతుంది. తర్వాత పొయ్యి ఆపి చల్లార్చితే సూరేకారం సూదుల్లాగా పలుకు కడుతుంది. 60 డిగ్రీల దగ్గర వంద గ్రాముల నీళ్లు పట్టుకున్న 110 గ్రాముల్లో, 20కి చల్లారేసరికి 32 మాత్రమే మిగిలి, దాదాపు 78 గ్రాములు బయటపడతాయి. మిగిలిన కాస్త ఉప్పు గీత పడుకునే ఉంది కాబట్టి నీళ్లలోనే ఉండిపోతుంది.

ఇప్పుడు సర్కారు ఇబ్బంది ఆలోచించండి. వాళ్లకి సూరేకారం కావాలి. కానీ అదే బాణలిలోంచి పన్ను కట్టని తినే ఉప్పు కూడా వస్తోంది, అదీ సముద్రానికి దూరంగా, బంట్రోతులు లేని ఊళ్లో. దాంతో బ్రిటిషు ఇండియాలో సూరేకారం చేసేవాళ్లని కూడా ఉప్పు శాఖే పట్టుకుంది. దానికి వేరే లైసెన్సు, శుద్ధి చేయడానికి ఇంకో లైసెన్సు, పక్కన తోడిన ఉప్పుకి పన్ను కట్టాలి లేదా పారేయాలి. రెండు లవణాలు వేడికి వేర్వేరుగా కరుగుతాయనే సంగతి చట్టం దాకా ఎక్కింది. మా క్లాసులో ఇది అయిదు మార్కుల ప్రశ్న.

మోసేవాళ్ల మీద దెబ్బ ఒక్కసారిగా పడలేదు. ఈ భాగం మీద మీనా రాధాకృష్ణ గారు 2001లో ఇంగ్లీషులో ఒక పుస్తకం తెచ్చారు, "డిస్‌ఆనర్డ్ బై హిస్టరీ". మద్రాసు రాష్ట్రంలో ఎరుకల, కొరవ వాళ్ల మీదే. మన హాస్టల్ పిల్లలు ఒక్కసారైనా చదవాలి. ఆమె చూపించేది ఏంటంటే, 19వ శతాబ్దం నడిమి నుంచి రోడ్లు, తర్వాత రైళ్లు వచ్చి పెద్ద వర్తకుడు ఉప్పుని టోకుగా లోపలికి పంపడం మొదలుపెట్టాడు. ఉప్పు విధానం మారినప్పుడల్లా చిన్న వ్యాపారి నలిగాడు. 1876–78 కరువులో పశువులు పోయాయి. ఉప్పు మోసే ఎద్దు పోతే వ్యాపారి దగ్గర ఇంకేం ఉంది? అడవి చట్టాలొచ్చి వెదురు కోతకి, మేతకి అడ్డం పడ్డాయి.

మన ప్రాంతం చూసుకుంటే, డెల్టా కాలువల్లో, బకింగ్‌హామ్ కాలువలో పడవలు ఉప్పుని మోశాయి. 1889లో హైదరాబాదు వైపు నుంచి రైలు బెజవాడకి చేరింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పడింది. బెజవాడ జంక్షన్ అంటే మనందరికీ గొప్ప. నిజమే, అదే జంక్షన్ మీద నేనూ దిగి హాస్టల్‌కి వచ్చాను. కానీ వందల గాడిదలు ఎన్నో రోజులు నడిచి మోసే ఉప్పుని ఒక గూడ్సు బండి రాత్రికి రాత్రి మోసేస్తుంది. రైలుని తిట్టడం నా ఉద్దేశం కాదు. రైలు వచ్చినప్పుడు పని పోయినవాళ్లకి ఇంకో పని చూపించాలి కదా. చూపించలేదు. పైగా, "వీళ్లకి ఏ పనీ లేదు, ఊరికే తిరుగుతుంటారు, కాబట్టి దొంగలు" అన్నారు. వ్యాపారం కోసం తిరిగిన తిరుగుడే నేరానికి సాక్ష్యమైంది.

1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసుకి కూడా తెచ్చారు. ఎరుకల వాళ్లని ప్రాంతాల వారీగా ప్రకటిస్తూ పోయారు. పేరు రాయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, పోలీసు పిలిచినప్పుడు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. ఊళ్లు తిరిగి బతికేవాడికి ఊరు దాటొద్దు అంటే కాళ్లు కట్టేసినట్టే. సెటిల్‌మెంట్లు పెట్టి వాటిని సాల్వేషన్ ఆర్మీలాంటి సంస్థలకి అప్పగించారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అట్లా పుట్టింది, గవర్నర్ కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద. అక్కడివాళ్లలో చాలామంది చీరాల పొగాకు కంపెనీకి కూలీలయ్యారు. మన బెజవాడకి ఎదురుగా, బ్యారేజీ అవతల సీతానగరంలో కూడా సెటిల్‌మెంటు ఉండేది, అక్కడ పని రాళ్లు కొట్టడం.

మ్యాపు తీసి చూడండి. స్టూవర్టుపురం నుంచి చినగంజాం ఉప్పు కొటార్లు ఎంతో దూరం కాదు, అదే రైలు లైను మీద నాలుగైదు స్టేషన్లు. ఉప్పు మడులు పక్కనే ఉన్నాయి, ఉప్పు మోసిన మనుషులు పక్కనే ఉన్నారు, మధ్యలో హాజరు పట్టీ ఉంది.

1930 ఏప్రిల్ 6న గాంధీ గారు దండిలో ఉప్పు ఎత్తారు. మన తీరమంతా కదిలింది. ఆ ఏడాదే బందరు కోనేరు సెంటర్లో తోట నరసయ్య నాయుడు గారు లాఠీదెబ్బలు తింటూ జెండా వదల్లేదు. మణుగుకి రూపాయి పావలా పన్ను అప్పట్లో. కూలివాడికి అది చిన్నది కాదు. ఉప్పు సత్యాగ్రహం పాఠం మనం ఆరో తరగతి నుంచీ చదువుతున్నాం, మార్కులు కూడా తెచ్చుకుంటాం.

పాఠంలో లేని ముక్క ఒకటుంది. 1931 మార్చిలో గాంధీ–ఇర్విన్ ఒప్పందం అయింది. ఉప్పు చట్టం రద్దు కాలేదు. ఉప్పు దొరికే చోట ఉన్న ఊళ్లవాళ్లు ఇంటి వాడకానికి ఉప్పు చేసుకోవచ్చు, ఏరుకోవచ్చు, ఆ ఊళ్లోనే అమ్ముకోవచ్చు అన్నారు. ఆ ఊరి బయటివాళ్లకి అమ్మకూడదు, వాళ్లతో వ్యాపారం చేయకూడదు అని కూడా అందులోనే రాశారు. తీరం ఊళ్లకి అది ఎంతో కొంత గెలుపే, కాదనను. కానీ ఉప్పు ఎరుకల వాడి బతుకంతా ఆ "బయటివాళ్లకి" అనే మాటలోనే ఉంది. ఉప్పు చేయడం వాడి పని కాదు, ఊరు దాటించడం వాడి పని. ఉప్పు కోసం దేశమంతా జైలుకి వెళ్లిన ఆ రోజుల్లోనే, తరాలుగా ఉప్పు మోసినవాళ్లు వేరే చట్టం కింద రాత్రిపూట పోలీసుకి హాజరు పలుకుతున్నారు. రెండు పోరాటాలు ఒకే తీరం మీద, ఒకే ఉప్పు చుట్టూ జరిగి కూడా కలవలేదు. ఈ మాట చదివి ఎవరికైనా కోపం వస్తే రానీయండి, నేను స్వాతంత్ర్య పోరాటాన్ని తక్కువ చేయడం లేదు. ఆ ఒప్పందం రాసేటప్పుడు బల్ల దగ్గర మోసేవాడు లేడు అంటున్నా, అంతే.

ఉప్పు పన్ను 1947లో పోయింది. మద్రాసు రాష్ట్రంలో నేరస్థ తెగల చట్టం కూడా 1947లోనే రద్దయింది, దేశం మొత్తం మీద 1952 ఆగస్టు 31న. అప్పటికి గాడిద దారులు లేవు. మన్యం వైపు మాత్రం ఉప్పు మారకం ఇంకా చాలాకాలం నడిచింది. సంతలో షావుకారు కుంచెడు చింతపండో, కరక్కాయలో కొలిపించుకుని సోలెడు ఉప్పు పోసిన కథలు కోయ, కొండరెడ్డి, సవర ఇళ్లలో ఇప్పటికీ చెప్తారు. 1956లో గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ పెట్టినప్పుడు, అడవి సరుకు కొని ఉప్పులాంటి నిత్యావసరాలు సరైన ధరకి అమ్మడం దాని పనుల్లో ఒకటిగా పెట్టింది ఇందుకే.

మా నాయనమ్మకి గ్రాఫ్ చూపించాను. ఈ పడుకున్న గీత ఉప్పుది, ఈ లేచిన గీత సూరేకారానిది అని చెప్పాను. కాసేపు చూసి, "ఉప్పు ఏ నీళ్లకైనా ఒకటే కరుగుద్ది, కూడు వండేవాళ్లకి ఎవరికి తెలీదు" అంది. తర్వాత వాళ్ల అత్తగారి దగ్గర విన్న లెక్క ఒకటి చెప్పింది: వానాకాలం ముందు ఎత్తిన ఉప్పు పెరికెలో బరువు తగ్గదు, వాన తగిలాక ఎత్తినది దారిలోనే కారిపోయి సగం ఊళ్లు దాటేసరికి కొలత తక్కువొస్తుంది, అందుకని రోహిణిలోపే ఆఖరి ప్రయాణం ముగించేవాళ్లట. ఉప్పులో చేదునీళ్ల మెగ్నీషియం మిగిలితే అది గాలిలో తేమని లాగి కారుతుంది, ఆ లెక్కకి కారణం అదే.

మీ ఇళ్లలో ముసలివాళ్లకి ఇలాంటి లెక్కలు గుర్తుంటే ఇక్కడ రాయండి. ముఖ్యంగా ఉప్పు ఎరుకల, లంబాడీ, యానాది ఇళ్లవాళ్లు: ఏ ఊళ్లో ఎత్తేవాళ్లు, ఏ దారిన వెళ్లేవాళ్లు, ఏ కొలతతో ఇచ్చేవాళ్లు, బదులు ఏం తెచ్చేవాళ్లు. ఊళ్ల పేర్లు తప్పకుండా రాయండి. నేను ఒక మ్యాపు మీద గుర్తులు పెడుతున్నాను. ఇప్పటికి దాని మీద ఒక్క దారే ఉంది, మా నాయనమ్మ చెప్పింది.